ఆటగాళ్ల కోసం కాలేజీల వేట

2001లో న్యూయార్క్ నగరంలో ఒక కాలేజీ కుర్రాడి బొమ్మ పది అంతస్తుల ఎత్తున వెలిసింది. అతని పేరు జోయీ హారింగ్టన్, ఒరెగాన్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్. విశ్వవిద్యాలయం అమెరికా పడమటి కొసన ఉంటే, హోర్డింగ్ తూర్పు తీరాన పెట్టారు. సుమారు 2,50,000 డాలర్లు ఖర్చయింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అతనికి రావాలని చేసిన ప్రచారమది. ట్రోఫీ రాలేదు గానీ, ఒరెగాన్ పేరు మాత్రం దేశమంతా, కాలేజీలు వెతికే హైస్కూల్ ఆటగాళ్ల దాకా వినబడింది.

అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ. దాని కింద దాదాపు 1,100 కాలేజీలు, 5 లక్షలకు పైగా విద్యార్థి క్రీడాకారులు ఉన్నారు. తాను చేర్చుకోవాలనుకునే హైస్కూల్ ఆటగాడికి ఏ కోచ్ ఎప్పుడు ఫోన్ చేయవచ్చో, ఎప్పుడు ఇంటికి వెళ్లవచ్చో అన్నిటికీ నిబంధనలున్నాయి. కోచ్ స్వయంగా మాట్లాడలేని రోజుల్లో ఆ పని ప్రచార సామగ్రి చేయాలి. అందుకే దాని మీద అంత శ్రద్ధ, అంత ఖర్చు.

మీడియా గైడ్ కథే చూడండి. ఆటగాళ్ల ఎత్తు, బరువు, పాత రికార్డులు విలేకరులకు అందించడానికి పుట్టిన చిన్న పుస్తకమది. పిల్లలను ఆకట్టుకునే రంగుల బొమ్మలు చేరి చేరి, 2004 నాటికి మిస్సోరీ గైడ్ 600 పేజీలు దాటింది. మరుసటి ఏడాదే ఎన్‌సీఏఏ 208 పేజీలకు మించకూడదంది. ఒరెగాన్ ఇంకా ముందుకెళ్లి, తాను కోరుకున్న కుర్రాడినే కథానాయకుణ్ని చేసి కామిక్ పుస్తకాలు వేసింది. ఇలాంటి వ్యక్తిగత హంగులకూ తర్వాత అడ్డుకట్ట పడింది.

2007లో కోచ్‌లు పిల్లలకు పంపే టెక్స్ట్ మెసేజీల మీద కూడా ఎన్‌సీఏఏ నిషేధం వచ్చింది. అప్పట్లో వచ్చిన మెసేజీకి కూడా డబ్బు పడేది. ఆ భారం పిల్లల మీదే. ఫుట్‌బాల్‌లో ఆ నిషేధం 2016లో తొలగింది.

ఇప్పుడు రాజ్యం ‘ఎడిట్’లది. పదహారేళ్ల పిల్లాడి ఫొటోకి కాలేజీ జెర్సీ తొడిగి, వెనక స్టేడియం దీపాలు పెట్టి ఫోన్‌కి పంపుతారు. పిల్లాడు మురిసిపోయి తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాడు. పంచడానికి కాలేజీకి పైసా ఖర్చు లేకుండా ప్రచారం ఊరంతా పాకుతుంది. పెద్ద జట్లు ఇందుకోసమే డిజైనర్లను జీతాలిచ్చి పెట్టుకున్నాయి.

ఆ బొమ్మలో కనబడనిది డబ్బు లెక్క. ఎన్‌సీఏఏలో పై శ్రేణి అయిన డివిజన్-1లో పురుషుల టెన్నిస్‌కు ఏళ్ల తరబడి జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే ఉండేవి. వాటినే అందరికీ ముక్కలుగా పంచేవారు. కింది శ్రేణి అయిన డివిజన్-3 కాలేజీల్లో ఆట కోసం ఇచ్చే స్కాలర్‌షిప్పే లేదు. మెరిసే కాగితం కన్నా ఈ సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పే ఉత్తరమే మంచి ప్రచారం. చదువు పూర్తి చేసినవారెందరో, ప్రయాణాల వల్ల పోయే తరగతులెన్నో చెప్పే కాలేజీని తల్లిదండ్రులు నమ్ముతారు.

ఈ దారిలో మనవాళ్లూ వెళ్లారు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం తరఫున టెన్నిస్ ఆడాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. మీ పిల్లల ఫోన్‌కి కూడా అలాంటి బొమ్మ వస్తే సంతోషించండి. ఆ తర్వాత మూడు ప్రశ్నలడగండి: ఫీజులో ఎంత భాగం ఇస్తారు, ఎన్నేళ్లు ఇస్తారు, గాయపడితే ఏం చేస్తారు? జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి.