కడుపులోని బిడ్డకు గుండెజబ్బు: తల్లిదండ్రుల వేదన, గ్రామము బాధ్యత

గర్భిణికి ఐదవ మాసమున చేయు స్కానింగువలన శిశువు గుండెలోని లోపము పుట్టుకకు ముందే తెలియు అవకాశము నేడు కలదు. ఇది గొప్ప మేలు. అయితే ఆ వార్త విన్న తల్లిదండ్రుల మనస్సు ఎట్లుండునో పంచాయతీ సభ్యులు గ్రహింపవలెనని మా మనవి.

పట్టణములో పరీక్ష చేయించుకొని, సాయంకాలపు బస్సులో ఊరికి తిరిగి వచ్చుచున్న దంపతులను తలచుకొనుడు. ఉదయము బిడ్డకు పేరు వెదకినవారు ఇప్పుడు ఒకరితో నొకరు మాటాడలేకున్నారు. డాక్టరుగారు చెప్పినదానిలో సగము వారి చెవి కెక్కలేదు. పరీక్ష తప్పేమోనను ఆశ, బిడ్డ దక్కునాయను భయము, ఖర్చును గూర్చిన చింత ఒకదానివెంట నొకటి వచ్చును. బిడ్డ కదలినప్పుడెల్ల తల్లికి సంతోషమును దుఃఖమును ఒక్కమారే కలుగును. తండ్రి తాను ధైర్యము చెప్పవలసినవాడనని కన్నీరు దాచుకొనును. అంతమాత్రమున అతనికి బాధ లేదని ఎంచరాదు.

అన్నిటికన్న తల్లిని దహించునది ‘నేనేమి తప్పు చేసితిని?’ అను ప్రశ్న. గ్రహణము చూచినదనియు, బరువు లెత్తినదనియు ఇరుగుపొరుగువారనుమాట పుండుపై కారము చల్లినట్లగును. నిజమేమనగా, శిశువు గుండె మొదటి రెండు మాసములలోనే రూపొందును. 1,000 జననములలో సుమారు 8 నుండి 10 మంది శిశువులకు ఇట్టి లోపముండును. పెక్కు సందర్భములలో ఇదియే కారణమని చెప్పుటకు వీలుండదు. అదుపులో లేని మధుమేహము, గర్భారంభమున సోకు రుబెల్లా, మేనరికము వంటివి ఈ అవకాశమును పెంచును. ఇవి ముందు జాగ్రత్తకై తెలియవలసినవేగాని, తల్లిని నిందించుటకు కావు. గ్రహణమునకు దీనికి సంబంధమే లేదు.

లోపములన్నియు ఒక్కతీరువి కావు. చిన్న రంధ్రములు కొన్ని వాటంతటవే పూడుకొనును. కొన్నిటికి శస్త్రచికిత్స కావలెను. కొన్ని మిక్కిలి కఠినమైనవి. గర్భస్థ శిశువు గుండెకు చేయు ఎకో పరీక్షవలన నిపుణులు దీనిని చాలవరకు తేల్చగలరు. సంగతి స్పష్టపడినకొలది తల్లిదండ్రుల మనస్సు కొంత కుదుటపడును. గర్భము నిలుపుకొనుటయా, మానుటయా అను ప్రశ్న వచ్చినచో, చట్టము అనుమతించిన మేరకు వైద్యుల సలహాతో నిర్ణయించుకొనవలసినది ఆ తల్లియేగాని రచ్చబండ కాదు.

ఇక సభ్యులు చేయదగిన పనులు కొన్ని గలవు. వారు చెప్పుకొనని సంగతిని ఊరికి చాటరాదు. నిందమాటలు వినబడిన చోటనే ఆపవలెను. దంపతులు కోరినచో, ఆశా కార్యకర్త తోడుతో వారిద్దరిని మరల డాక్టరువద్దకు పంపవలెను. అడుగవలసిన ప్రశ్నలు ముందే వ్రాసికొని పోవుట మేలు. వైద్యులు చెప్పినచో, పసిపిల్లల గుండెవైద్యము గల ఆసుపత్రిలో ప్రసవమునకు ముందుగానే వాహనము, తోడు సిద్ధపరుపవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవ పథకములను గూర్చి వారికి తెలుపవలెను.

ఓదార్పుమాట తోచనప్పుడు వారు చెప్పునది ఓపికతో వినుడు. ఆ ఇంటివారు తాము ఒంటరివారము కామని తెలిసికొనుటయే సగము ధైర్యము.