‘పైసలు పడ్డయా అన్నా?’: పటాన్‌చెరు దారిలో ఫోన్ చెల్లింపుల విశేషాలు

షిఫ్టు వదిలే వేళ ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ బండికి వేలాడే నలుపు తెలుపు గళ్ల కాగితాన్ని మనం స్కానర్ అంటాం. అది బ్యాంకుల్లో పుట్టలేదు, కార్ఖానాలో పుట్టింది. 1994లో జపాన్‌లోని డెన్సో కంపెనీ ఇంజినీరు మసాహిరో హారా బృందం కారు విడిభాగాల లెక్క కోసం క్యూఆర్ కోడ్‌ను తయారు చేసింది. ఒక్కో పెట్టె మీద ఉన్న బార్‌కోడ్‌లన్నీ వరసగా చదివించలేక కార్మికులు అలసిపోతుండటమే దానికి కారణం. పేటెంటు ఉన్నా ఆ కంపెనీ ఎవరినీ రుసుము అడగలేదు. కార్ఖానాలో నూనె మరకలు, చిరుగులు మామూలే కదా. అందుకే గట్టి రకం కోడ్ 30 శాతం దాకా పాడైనా ఫోన్ చదివేస్తుంది. చాయ్ ఒలికినా పనిచేసేది అందుకే.

ఆ గళ్లలో ఉండేది కొట్టు యజమాని యూపీఐ ఐడీ, పేరు, మరో ఒకటి రెండు వివరాలు. అంతే. మన ఖాతాలోంచి తనంతట తాను రూపాయి కూడా లాగలేదు. ప్రమాదం దాని మీద ఇంకెవరో తమ కాగితం అంటించి పోయినప్పుడే. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లన్నీ డబ్బు అందుకునేవారి పేరును బ్యాంకు రికార్డులో ఉన్నది ఉన్నట్టే చూపాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆదేశించింది. అంతకుముందు ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నా చెల్లేది. కాబట్టి పిన్ కొట్టే ముందు తెర మీది పేరును ఒక్కసారి చదవండి. వెనక లైన్‌లో ఎంతమంది ఉన్నా సరే.

ఇక కొట్టు మీద మాట్లాడే డబ్బా సంగతి. అందులో దానికంటూ ఒక సిమ్ ఉంటుంది, అందుకే యజమాని ఫోన్ ఇంట్లో ఉన్నా డబ్బు పడిన కబురు చెబుతుంది. 2024లో ఫోన్‌పే డబ్బాకు తెలుగులో మహేశ్‌బాబు గొంతు వచ్చింది. డబ్బు వెళ్లినట్టు పచ్చ టిక్కు చూపించే నకిలీ యాప్‌లు, పాత స్క్రీన్‌షాట్లు చూపి సామాను పట్టుకెళ్లేవాళ్ల బెడద ఉన్నచోట ఆ డబ్బా చిన్న వ్యాపారికి నిజమైన కాపలా. ‘పైసలు పడ్డయా అన్నా?’ అని కొనేవాడు అడిగితే, వాడి తెర చూసి తల ఊపకుండా డబ్బా పలికేదాకా ఆగే కొట్టాయనదే తెలివి.

బ్యాంకుల మధ్య డబ్బు నడిచే దారుల్లో ఒకటి మొదట మన హైదరాబాద్ నుంచే నడిచింది. ఆర్బీఐ 1996లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థ మాసబ్‌ట్యాంక్‌లో ఉంది. ఒక బ్యాంకు కార్డుతో మరో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకునే వీలు కల్పించిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో మొదలుపెట్టిందీ, 2009 డిసెంబర్‌లో ఎన్‌పీసీఐ చేతికి అప్పగించిందీ ఆ సంస్థే. తర్వాత 2010లో అప్పటికప్పుడు డబ్బు పంపే ఐఎంపీఎస్, 2016 ఏప్రిల్ 11న యూపీఐ వచ్చాయి. 2025 ఆగస్టు ఒక్క నెలలో దేశంలో యూపీఐ లావాదేవీలు 2000 కోట్లు దాటాయి. ఇప్పుడు బ్యాంకుల వెబ్‌సైట్ల చిరునామాలు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగియాలని ఆర్బీఐ నిబంధన పెట్టింది, ఆ చిరునామాలకు రిజిస్ట్రారు కూడా ఐడీఆర్‌బీటీయే. ఎవడు పడితే వాడు ఆ తోకతో చిరునామా కొనుక్కోలేడు. బ్యాంకు పేరుతో వచ్చిన లింకును నొక్కేముందు చూడాల్సింది ఆ తోకనే.

ఉమ్మడి మెదక్ జిల్లాకు ఈ విషయంలో ఇంకో పాత జ్ఞాపకం ఉంది. 2016 నవంబర్ 8 నోట్ల రద్దు తర్వాత కొద్ది వారాలకే సిద్దిపేట దగ్గరి ఇబ్రహీంపూర్ నగదు రహిత గ్రామంగా పేరు తెచ్చుకుంది. అప్పుడు ఊరి చేతిలో ఉన్నవి కార్డులు, స్వైప్ మిషన్లు.

పిన్ ఎవరికి తెలుసు?

ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం ఏది వాడినా పిన్ కొట్టే తెర మాత్రం ఆ యాప్‌ది కాదు. అది ఎన్‌పీసీఐ ఇచ్చిన ప్రత్యేక భాగం. మనం నొక్కిన అంకెలు ఫోన్‌లోనే సంకేతలిపిగా మారి బ్యాంకుకు వెళతాయి, యాప్ కంపెనీకి కనపడవు. పైగా మొదటిసారి నమోదు చేసినప్పుడు యాప్ మన సిమ్ నుంచి తనంతట తానే ఒక మెసేజ్ పంపి ఆ నంబర్‌ను ఆ ఫోన్‌కు ముడివేస్తుంది. మీ పిన్ తెలిసినవాడు తన ఫోన్‌లో కొట్టినా తలుపు తెరుచుకోదు. ఫోన్ ఒక తాళం, పిన్ రెండో తాళం.

ఇంత కట్టుదిట్టమైన తాళాలూ పాశమైలారంలోనో గడ్డపోతారంలోనో ఒక అద్దె గదిలో ఒకే చేతిలోకి వెళ్లిపోతాయి. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన పెద్దాయనకు చదువు రాదు. ‘ఇంటికి నాలుగు వేలు కొట్టు బేటా’ అని గదిలో కుర్రాడికి ఫోనూ ఇస్తాడు, పిన్నూ చెబుతాడు. ఆ కుర్రాడు మంచివాడే అయి ఉంటాడు. కానీ పిన్ ఆ గదిలో ఎంతమంది చెవిన పడిందో ఎవరికి తెలుసు? రేపు డబ్బు పోతే, పిన్ తనే చెప్పాడు కాబట్టి నష్టం ఆయనదే అంటుంది బ్యాంకు. ఈ ఒక్క అలవాటు మారితే ఈ వాడల్లో ఎన్ని గొడవలు తప్పుతాయో అని నాకు అనిపిస్తుంది. పేరు, మొత్తం కుర్రాడు కొట్టనీ. పిన్ మాత్రం ఆయన వేలే నొక్కాలి. అంకెలు గుర్తుపట్టడానికి అక్షరాలు రానక్కర్లేదు.

ఇంకో మార్గం 2024 ఆగస్టులో వచ్చింది: యూపీఐ సర్కిల్. ఖాతా ఉన్న మనిషి తన పిన్ చెప్పకుండానే ఇంట్లో మరొకరి ఫోన్‌కు తన ఖాతాలోంచి ఖర్చు చేసే వీలు ఇవ్వొచ్చు. పూర్తి అనుమతి ఇచ్చినా నెలకు 15,000 రూపాయల హద్దు ఉంటుంది. తన పేరున ఖాతా లేని భార్యకు, కాలేజీకి వెళ్లే కొడుక్కు పిన్ చెప్పే కన్నా ఇది ఎంతో మేలు. 2025 అక్టోబర్ నుంచి పిన్ బదులు వేలిముద్ర, ముఖం గుర్తింపుతో చెల్లించే వీలు కూడా మొదలైంది.

డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పాత సోఫా అమ్ముతానని పెడితే ‘మిలిటరీ ఆఫీసర్‌ను, డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండి’ అనేవాళ్ల కథ మొత్తం ఈ ఒక్క వాక్యం తెలియకపోవడం మీదే నడిచింది. వాళ్లు వాడుకున్న, వ్యక్తి నుంచి వ్యక్తికి డబ్బు అడుగుతూ వెళ్లే ‘రిక్వెస్ట్’ సదుపాయాన్నే 2025 అక్టోబర్ 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేసింది.

నంబర్ చెబితే పేరు తెలుస్తుంది

‘నంబర్ చెప్పు, కొడ్తా’ అని పది అంకెలు అడగడం మామూలైంది. ఆ అంకెలు ఎవరి చేతికి వెళ్లినా, యూపీఐ యాప్‌లో వేసి చూస్తే మీ పూర్తి పేరు కనిపిస్తుంది. కొన్ని యాప్‌లలో మామూలుగా వచ్చే ఐడీలోనే మీ ఫోన్ నంబర్ ఉంటుంది. అంటే బజ్జీల బండి దగ్గర 20 రూపాయలు ఇచ్చినా ఆ నంబర్ అవతలివారి లెక్కల్లో మిగిలిపోవచ్చు. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా గదికి వెళ్లే అమ్మాయికి ఇది చిన్న సంగతి కాదు. పేరు, నంబర్ రెండూ తెలిస్తే వాట్సాప్‌లో మెసేజ్‌లు మొదలవడానికి ఎంతసేపు? దీనికి మందు యాప్‌లోనే ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి నంబర్ లేని కొత్త యూపీఐ ఐడీ పెట్టుకోవచ్చు, లేదా 8, 9 అంకెల యూపీఐ నంబర్ తీసుకోవచ్చు. ఇంట్లో ఆడపిల్లలకు ఫోన్ కొనిచ్చిన రోజే ఈ పని చేసిపెట్టండి.

పాత నంబర్ వదిలేసినవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. వాడకుండా వదిలేసి రద్దయిన నంబర్‌ను టెలికాం కంపెనీలు 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. ఊరెళ్లి కొత్త సిమ్ తీసుకునే వలస కార్మికులకు ఇది తరచూ ఎదురయ్యేదే. అందుకే అలా చేతులు మారిన నంబర్ల జాబితాను బ్యాంకులు, యాప్‌లు కనీసం వారానికోసారి సరిచూసుకోవాలని 2025 ఏప్రిల్ 1 నుంచి నిబంధన పెట్టారు. అయినా బ్యాంకులో నంబర్ మార్పించుకోవాల్సింది మనమే.

ఇలా పేరు, నంబర్ కాపాడుకునే గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి తెలుగువారికి కొత్త కాదు. 1990లలో ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్ ‘పుట్టస్వామి కమిషన్’ అయింది ఆయన పేరుతోనే. ఆ తీర్పు తర్వాత 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2025 నవంబర్‌లో దాని నియమాలు వచ్చాయి. కంపెనీల మీద పెట్టిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు.

గోప్యత పెద్దవాళ్ల మాట అనుకునేవారికి 2020 డిసెంబర్‌ను గుర్తుచేయాలి. అప్పు ఇచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులన్నీ తీసుకుని, వాయిదా తప్పితే బంధువులకు, తోటి ఉద్యోగులకు ‘ఈ మనిషి దొంగ’ అని మెసేజ్‌లు పంపాయి. ఆ అవమానం తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు పోయాయి, సిద్దిపేటలో కూడా. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు. 2021 జనవరిలో ఆర్బీఐ ఒక అధ్యయన బృందాన్ని వేసింది. 2022 సెప్టెంబర్ మార్గదర్శకాల్లో, అప్పు యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫోటోల జోలికి వెళ్లకూడదని చెప్పింది. కాబట్టి జీతం ఆలస్యమైన నెలలో ఏ అప్పు యాప్ అయినా ‘కాంటాక్ట్స్ చూడనివ్వు’ అంటే, ఆ ఒక్క కోరికతోనే దాని బుద్ధి బయటపడినట్టు.

గేటు దగ్గర వదిలిన ఫోన్

నిప్పురవ్వ భయంతో రసాయన కార్ఖానాల్లో చాలాచోట్ల ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. షిఫ్టు అయ్యేదాకా అది గేటు దగ్గర అరలోనే ఉంటుంది. అన్ని గంటలు యజమాని చూడని ఫోన్‌లో రెండు సంగతులు సరిచేసుకోవాలి. ఒకటి, తెరకు లాక్ ఉన్నా మెసేజ్ మాత్రం పైన కనిపిస్తుంటే ఓటీపీ బయటపడినట్టే. సెట్టింగుల్లో దాన్ని దాచొచ్చు. రెండోది, ఫోన్ కవర్ వెనకాల దూర్చిన ఏటీఎం కార్డు. కొత్త యూపీఐ పిన్ పెట్టుకోవడానికి అడిగేది కార్డు మీది చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఆ ఫోన్‌కే వచ్చే ఓటీపీ. ఏటీఎం పిన్ కూడా అడిగే బ్యాంకులున్నాయి గానీ అన్నీ అడగవు. కార్డు, ఫోన్ ఒకేచోట పెట్టడమంటే దొంగ పని సగం మనమే చేసిపెట్టడం. సిమ్‌కు కూడా పిన్ లాక్ పెట్టుకోవచ్చు.

చిన్న ఖర్చుల కోసం ముందే డబ్బు వేసుకునే యూపీఐ లైట్‌లో వెయ్యి రూపాయల దాకా పిన్ లేకుండానే చెల్లించొచ్చు, అందులో 5,000 మించి ఉంచలేం. ఫోన్ పోతే ఆ సొమ్మును జేబులో నోట్లు పోయినట్టే అనుకోవాలి. దానితో ఒక లాభం కూడా ఉంది. ప్రతి చాయ్, ప్రతి సమోసా బ్యాంకు స్టేట్‌మెంట్‌లోకి ఎక్కవు, లైట్‌లోకి డబ్బు వేసిన పద్దు ఒక్కటే కనపడుతుంది. ఫోన్ పోతే సీఈఐఆర్ పోర్టల్‌లో దాన్ని బ్లాక్ చేయించొచ్చు. దేశమంతటా మొదలవడానికి ముందే, 2023 ఏప్రిల్‌లో తెలంగాణ పోలీసులు దాన్ని వాడకంలోకి తెచ్చారు.

వేలిముద్ర సంగతి కూడా వినండి. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకరు భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో నకళ్లు తయారుచేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేసి దొరికిపోయారు. పిన్ మార్చుకోగలం, వేలిని మార్చుకోలేం. ఆధార్, వేలిముద్రతో డబ్బు తీసే అవసరం లేనివాళ్లు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు.

ఖాతా అద్దెకు ఇవ్వడమనే కొత్త జబ్బు మాత్రం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ‘నీ అకౌంట్‌లో డబ్బు పడుతుంది, తీసి ఇవ్వు, కమీషన్ ఇస్తా’ అని లేబర్ అడ్డాల దగ్గర, హాస్టళ్లలో కుర్రాళ్లను అడుగుతారు. ఆ డబ్బు ఎవరో మోసపోయిన సొమ్ము. పోలీసులు జాడ పట్టుకుని వచ్చినప్పుడు మొదట స్తంభించేది ఆ కుర్రాడి ఖాతా, జీతం పడే ఖాతా. పేరు, సంతకం అతనివి కాబట్టి కేసులో నిలబడేదీ అతనే. 2024లో దేశంలో సైబర్ మోసాలకు పోయిన 22,845 కోట్ల రూపాయల్లో చాలామటుకు ఇలాంటి అద్దె ఖాతాల మెట్లు దిగుతూనే మాయమయ్యాయి.

మోసం జరిగిందని తెలిసిన వెంటనే చేయాల్సిన ఫోన్ 1930. ఆ కాల్ వెళ్లగానే డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పారిందో ఆ బ్యాంకులకు కబురు వెళ్లి, ఇంకా తీయని సొమ్మును అక్కడే నిలిపేస్తారు. అందుకే మొదటి గంట విలువైనది. డ్యూటీ ఉంది, రేపు చూద్దాం అంటే కుదరదు. సూపర్‌వైజరును అడిగి బయటికొచ్చి చేయాల్సిన కాల్ అది. బ్యాంకుకూ చెప్పాలి. 2017 జూలై 6 నాటి ఆర్బీఐ ఆదేశం ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కాక మూడోవాడిదైతే, మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే మన మీద ఏ భారమూ పడదు. మన నిర్లక్ష్యం ఉన్నా, ఫిర్యాదు చేసిన తర్వాత పోయే సొమ్ము బ్యాంకు భరించాలి.

 

పాశమైలారంలో 2025 జూన్ 30న జరిగిన పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది వేరే రాష్ట్రాలవారు. ఇలాంటి వాడల్లో పనిచేసేవారి డబ్బంతా పిన్ వెనక, ఫోన్ లాక్ వెనక ఉంటుంది. మనిషి పోయాక ఆ పిన్ తెలిసినా కుటుంబం దాన్ని వాడకూడదు, బ్యాంకు ఒప్పుకోదు. సొమ్మును బ్యాంకు నేరుగా ఇచ్చేది నామినీకే. 2025 నవంబర్ 1 నుంచి ఒక ఖాతాకు నలుగురు దాకా నామినీలను రాసుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా చెప్పొచ్చు. చాలా బ్యాంకుల యాప్‌లలోనే ఈ వీలుంది, లేకపోతే బ్రాంచిలో నామినేషన్ ఫారం అడగాలి. జీతం ఖాతా తెరిచే రోజే కంపెనీ హెచ్‌ఆర్‌వాళ్లు కార్మికుడి పక్కన కూర్చుని ఆ గడి నింపిస్తే, ఊళ్లో ఉన్న తల్లికో భార్యకో బ్యాంకు చుట్టూ తిరిగే పని ఉండదు.