ఫోన్ సన్నబడితే లాభమా.. నష్టమా? కొనే ముందు ఇది తెలుసుకోండి!

బాగా సన్నటి స్మార్ట్‌ఫోన్లు వస్తున్నాయి. 1973లో మార్టిన్ కూపర్ తొలి కాల్ చేసిన మోటరోలా సెల్‌ఫోన్ బరువు కేజీకి పైనే. 2025లో వచ్చిన ఐఫోన్ ఎయిర్ బరువు 165 గ్రాములు, మందం 5.6 మిల్లీమీటర్లే. మరి ఇది మంచికేనా?

లాభం ఏంటి?
చిప్‌లో ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యే కొద్దీ తక్కువ కరెంటుతో ఎక్కువ పని జరుగుతుంది. కెమెరా, టార్చ్, బ్యాంకు.. అన్నీ జేబులోకి వచ్చాయంటే కారణం ఇదే.

నష్టం ఎక్కడ?
చిప్ చిన్నదవడం వేరు, ఫోన్ సన్నబడటం వేరు. లోపల చోటు తగ్గితే ముందు కోత పడేది బ్యాటరీకే. అప్పట్లో వెనక మూత గోరుతో తీసి బ్యాటరీ మార్చేసేవాళ్లు. ఇప్పుడు చాలా ఫోన్లలో వేడి చేసి జిగురు ఊడదీయాలి. 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలిపోవడానికి ఒక కారణం.. కొన్ని బ్యాటరీల మూలన సరిపడా చోటు లేకపోవడమేనని శాంసంగే తర్వాత తేల్చింది.

పల్లెలకు ఎందుకు ముఖ్యం?
పల్నాడు జిల్లా శావల్యాపురం లాంటి మండలాల్లో చాలా ఇళ్లకు ఫోనే కంప్యూటర్, ఫోనే బ్యాంకు. రిపేర్ కోసం వినుకొండలోనో నరసరావుపేటలోనో నాలుగు రోజులు వదిలేసి రావాల్సి వస్తే.. ఓటీపీ చూసుకోలేరు, యూపీఐ ఆగిపోతుంది.

మార్పు వస్తోందా?
బ్యాటరీని వినియోగదారులే మార్చుకునేలా ఉండాలన్న యూరప్ నిబంధన, కొన్ని మినహాయింపులతో 2027 ఫిబ్రవరి నుంచి అమల్లోకి రానుంది. మన దేశంలో రిపేర్ సౌలభ్యానికి మార్కులిచ్చే సూచీపై కేంద్రం 2024లో కమిటీ వేసింది.

అందుకే మందం ఒక్కటే చూడొద్దు. బ్యాటరీ ఎంత, మార్చేవాళ్లు దగ్గర్లో ఉన్నారా, ఖర్చెంత.. డబ్బు కట్టకముందే షాపులో అడగండి.