వార్తల్లో పదం: ఫ్యూజన్

భిన్న సంగీత సంప్రదాయాలు ఒకే బాణీలో కలిస్తే అది ఫ్యూజన్. 1960ల చివర అమెరికాలో జాజ్, రాక్‌తో కలిసి ‘జాజ్ ఫ్యూజన్’ అయింది. 1970ల్లో గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ ‘శక్తి’ బృందంతో దాన్ని మన రాగతాళాల దాకా తెచ్చాడు. ఆ బృందం ఆల్బమ్ 2024లో గ్రామీ గెలవడంతో ఈ మాట మళ్లీ వినిపించింది.

మనవాళ్లు తప్పక వెతికి వినాల్సింది మాత్రం పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ని. మాండలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి. వాటిపై గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) సరిగా పలకదు. అందుకే ఎలక్ట్రిక్ మాండలిన్‌కు ఐదు ఒంటి తీగలు కట్టించుకున్నాడు. 1995లో కెనడా గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్‌ను పీటర్ గాబ్రియేల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ విడుదల చేసింది. తర్వాత ‘రిమెంబర్ శక్తి’లో మెక్‌లాఫ్లిన్ పక్కనే కూర్చుని వాయించాడు. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆయన కచేరీలు తెలిసిన ఇళ్లలో కూడా ‘డ్రీమ్’ పేరు ఎత్తేవారు తక్కువ. నాకది బాధ.

బాలాపూర్ చౌరస్తా దగ్గర బస్సు కోసం నిలబడినప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘డ్రీమ్’ వినండి. హారన్ల మధ్య కూడా ఆ గమకం తేటగా వినిపిస్తుంది.