ఆ బోర్డులో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?



ఈమధ్య ఒక సోమవారం ఓ.పి.లో రద్దీ తగ్గిన తరువాత ఒక అమ్మగారు మా గదికి వచ్చారు. బి.పి. 180/110 ఉంది. మాత్రలు మానేశారా అని అడిగితే లేదన్నారు, నిద్రే లేదన్నారు. కాసేపటికి అసలు సంగతి చెప్పారు. కూతురు అమెరికాలో ఉంది. అల్లుడు సాఫ్ట్‌వేరు ఇంజనీరు. కొడుతున్నాడు. పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు, ఆ అమ్మాయి ఫోను రోజూ తీసి చూస్తాడు. పక్కింటి పంజాబీ ఆవిడ మన దేశాల స్త్రీల కోసం పనిచేసే ఒక సంస్థ నంబరు కాగితం మీద రాసి ఇచ్చింది. అమ్మాయి ఇంకా ఫోను చేయలేదు. తల్లిని సలహా అడిగింది. తల్లి మమ్మల్ని అడిగారు.

"సిస్టరు గారూ, ఆ కమిటీలో మన తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే? అల్లుడి స్నేహితులెవరైనా ఉంటే?"

ఈ సంగతి ఆమె అనుమతితోనే రాస్తున్నాం, గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

"అలా ఎందుకు చెబుతారమ్మా" అని ఆ రోజు తేలికగా అనేశాం. రాత్రి పడుకున్నాక అది తేలిక ప్రశ్న కాదని అనిపించింది. ఎందుకంటే అలా చెప్పిన వాళ్ళం మేమే ఒకప్పుడు.

చాలా ఏళ్ళ కిందట మేము వేరొక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నాము. చెయ్యి విరిగిన ఒక స్త్రీ మా వార్డులో చేరింది. మెట్ల మీద నుండి పడ్డానని చెప్పింది. మూడవ రోజు రాత్రి డ్యూటీలో, నీళ్ళు తాగిస్తుండగా, నిజం చెప్పింది. మర్నాడు ఆ ఆస్పత్రి కమిటీ సభ్యుడొకరు వార్డు చూడటానికి వచ్చి, "పాపం ఈమెకు ఏమైందమ్మా?" అని దయగానే అడిగారు. పెద్దాయన కదా అని చెప్పాం. ఆయనకు ఆ భర్త కుటుంబంతో పరిచయం ఉంది. రాజీ చేద్దామని కబురు పెట్టారు. సాయంత్రానికి భర్త, అత్తగారు మంచం దగ్గర ఉన్నారు. ప్లాస్టరు పూర్తిగా ఆరకముందే సంతకం చేయించి తీసుకుపోయారు. ఆమె రివ్యూకు రాలేదు. ఆ కమిటీ సభ్యుడు చెడ్డవాడు కాదు. తనకు తెలియకూడనిది తెలుసుకున్నాడు, అంతే. చెప్పిన తప్పు మాది.

కనుక ఆ అమ్మగారికి సరిగా జవాబు చెప్పాలని, ఇలాంటి సంస్థలు ఎలా నడుస్తాయో, వాటి బోర్డులు ఏమి చేస్తాయో చదివాం, తెలిసినవారిని అడిగాం. మన సంఘ కుటుంబాలలో పిల్లలు విదేశాలలో లేని ఇల్లు తక్కువ. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

అమెరికాలో ఈ పనికి ఆద్యులలో ఒకటి న్యూజెర్సీలోని మానవి. 1985లో కొందరు స్త్రీలు కలిసి పెట్టారు, వారిలో షమితా దాస్ దాస్‌గుప్తా ఒకరు. 1989లో న్యూయార్కులో సఖి మొదలైంది. దానిని ప్రారంభించిన అయిదుగురిలో మల్లికా దత్ లాయరు, తులా గోయెంకా సినిమా రంగం మనిషి. తరువాత షికాగోలో అప్నా ఘర్, కాలిఫోర్నియాలో మైత్రి, నారిక, అట్లాంటాలో రక్ష, హ్యూస్టనులో దయ వచ్చాయి. (మన దగ్గర 2015 నుండి ప్రభుత్వం నడుపుతున్న సఖి కేంద్రాలకూ న్యూయార్కు సఖికీ పేరే ఒకటి, సంబంధం లేదు.) ఇవి భారతీయులకు మాత్రమే కాదు. పాకిస్తాను, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ నుండి వచ్చిన స్త్రీలకు కూడా. దెబ్బ తిన్న మనిషికి తన భాష తెలిసిన, అత్తమామల ఇల్లంటే ఏమిటో వేరుగా వివరించనక్కరలేని మనిషి కావాలి. అందుకే పుట్టాయి.

ఇటువంటివి మొదట్లో ఎవరో ఒకరి ఇంటి బల్ల చుట్టూ కూర్చున్న స్నేహితురాళ్ళతో మొదలవుతాయి. ఫోను ఎత్తేది వారే, కోర్టుకు తోడు వెళ్ళేది వారే, చందాలు అడిగేది వారే. పని పెరిగాక జీతం తీసుకునే సిబ్బంది వస్తారు, బోర్డు వేరుపడుతుంది. మాకు అర్థమైనంతవరకు అన్నిటికంటే కష్టమైన మలుపు ఇదే. నిన్నటిదాకా తన చేతులతో కన్నీళ్ళు తుడిచిన మనిషి ఇకమీదట లెక్కలు చూడాలి, కేసు విషయం అడగకూడదు. మేము వార్డు సిస్టరు నుండి సూపరింటెండెంటు అయినప్పుడు రోగి దగ్గరకు వెళ్ళాలని చేతులు లాగేవి. వారికీ అలాగే ఉంటుంది కాబోలు.

బోర్డు సభ్యులు సాధారణంగా జీతం లేకుండా పనిచేస్తారు. వారిలో డాక్టర్లు, లాయర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు ఉంటారు. ఎగ్జిక్యూటివ్ డైరెక్టరును నియమించేది, తప్పు చేస్తే తీసేసేది, బడ్జెటు ఆమోదించేది, ఆడిట్ చూసేది బోర్డే. ఏడాదికొకసారి విందు పెట్టి నిధులు పోగుచేయటం కూడా చాలాచోట్ల వారి మీదే పడుతుంది. ఇటువంటి సంస్థలు ఏటా తమ ఆదాయపన్ను శాఖకు ఫారం 990 దాఖలు చేస్తాయి. అందులో బోర్డు సభ్యుల పేర్లు ఉంటాయి, ఎవరైనా చూడవచ్చు. అంటే ఆ అమ్మగారి ప్రశ్నకు సగం జవాబు దొరికింది. బోర్డులో మనవాళ్ళు ఉన్నారో లేదో ఫోను చేయకముందే తెలుసుకోవచ్చు.

మిగతా సగం ఇంకా ముఖ్యం. ఫోను చేసిన స్త్రీ పేరు బోర్డుకు తెలియనక్కరలేదు. అమెరికాలో 1994లో స్త్రీలపై హింసకు సంబంధించిన చట్టం వచ్చింది. దానిని 2005లో సవరించినప్పుడు, ఆ చట్టం కింద నిధులు తీసుకునే సంస్థ ఆమె రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఆమెను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టరాదని కట్టడి చేశారు. కోర్టు ఆదేశం వంటివి వేరు. సరిగా నడిచే సంస్థలో బోర్డు ముందుకు అంకెలు వస్తాయి: ఎన్ని ఫోన్లు, ఎందరికి ఆశ్రయం, అద్దెలకు ఎంత ఖర్చు. పేర్లు రావు. ఎంత పెద్ద దాత అయినా, "ఫలానావారి కోడలు మీ దగ్గరకు వచ్చిందా?" అని అడిగితే వచ్చిందనీ చెప్పరు, రాలేదనీ చెప్పరు. ఇక్కడే బోర్డు అధ్యక్షురాలి గట్టితనం తెలుస్తుంది. సిబ్బంది అలా మౌనంగా ఉన్నందుకు చందా పోతే, వారి వెనుక నిలబడవలసినది ఆమె.

సొంత వర్గం మీదికి ప్రశ్న వచ్చినప్పుడు ఎవరికైనా కష్టమే. సఖిలో ఇళ్ళల్లో పనిచేసే స్త్రీల కోసం కూడా పని జరిగేది. ఆ పనిమనుషులను బాధపెట్టేది చాలాసార్లు మన దేశాల కుటుంబాలే, యజమానులలో స్త్రీలూ ఉంటారు. ఈ విషయంలో అభిప్రాయభేదాలు వచ్చి, 1990లలో కొందరు విడిపోయి వర్కర్స్ అవాజ్ అనే వేరే సంఘం పెట్టుకున్నారు. ఎవరిది ఒప్పో మేము తేల్చలేము. అయితే స్త్రీల సంస్థ కాబట్టి అందరిదీ ఒకే మాట అనుకోవటం పొరపాటు.

డబ్బు ఇచ్చేవారితో పోరాడవలసి వస్తే? లండనులోని సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ 1979 నుండి ఉన్నది. పదేళ్ళు హింస భరించి 1989లో భర్తకు నిప్పుపెట్టిన కిరణ్‌జీత్ అహ్లువాలియా కోసం నిలబడింది వారే. యావజ్జీవ శిక్ష పడిన ఆమె 1992లో విడుదలైంది. ఐశ్వర్యారాయ్ సినిమా చూసినవారికి ఈ కథ గుర్తుండే ఉంటుంది. తరువాత ఈలింగ్ కౌన్సిలు, ఏళ్ళ తరబడి తాను ఇస్తున్న గ్రాంటును ఒక వర్గం స్త్రీలకే కాక అందరికీ కలిపి పనిచేసే ఒకే సేవకు ఇస్తామన్నది. ఆ సంస్థ సేవలు పొందుతున్న ఇద్దరు స్త్రీలు కోర్టుకు వెళ్ళారు. 2008లో విచారణ జరుగుతుండగానే కౌన్సిలు వెనక్కి తగ్గింది. తమకు అన్నం పెట్టే చెయ్యి మీదే కేసు నడుస్తుంటే భయపడి వెనక్కి లాగే కమిటీలు ఎన్ని ఉండవు! వారు లాగలేదు.

డబ్బు ఎందుకింత అవసరమో ఆ అమ్మాయి సంగతి చూస్తే తెలుస్తుంది. ఆమెది భర్త వీసా మీద ఆధారపడిన హెచ్-4. ఆ వీసా మీద ఉన్న భార్యలలో కొందరికి 2015 మే నుండి ఉద్యోగ అనుమతి పొందే వీలు కలిగింది, కానీ అది భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశకు వచ్చినవారికే. 1994 చట్టం కింద సొంతంగా దరఖాస్తు చేసుకునే హక్కు పౌరుల, గ్రీన్‌కార్డు ఉన్నవారి భార్యలకు ఉంది, హెచ్-1బి భార్యకు లేదు. 2000లో యు వీసా వచ్చింది, నేరానికి గురై పోలీసులకు సహకరించినవారు అడగవచ్చు, కానీ ఏళ్ళు పడుతుంది. అంతవరకు అద్దె, తిండి, లాయరు ఎవరు భరిస్తారు? ఆ ప్రశ్నే ప్రతి బోర్డు సమావేశంలోనూ బల్ల మీద ఉంటుంది. విందులో టేబుల్ కొన్నవారి డబ్బు అక్కడికి వెళుతుంది.

బోర్డులో ఒకప్పుడు తానే దెబ్బలు తిన్న స్త్రీ కూడా ఉంటే మంచిదని చాలామంది అంటారు. మేమూ అంటాం. కానీ ఆమెను ప్రతి విందులో మైకు ముందు నిలబెట్టి ఏడిపించటానికి అయితే వద్దు. ఆమె లెక్కలు బాగా చూడగలిగితే కోశాధికారిగా పెట్టండి.

మన కమిటీలలో కూర్చునే పెద్దలు ఇది చదువుతున్నారని తెలుసు. మీరు వార్డుకు రండి, పండ్లు తెచ్చి ఇవ్వండి, రోగులతో మాట్లాడండి. "ఈమెకు ఏమైంది?" అని మాత్రం మా సిస్టర్లను అడగవద్దు. అడిగితే వారు చెప్పరు. అలా చెప్పవద్దని మేమే నేర్పాం, వారిపై కోపగించవద్దు. ఇక్కడి అక్కచెల్లెళ్ళకు ఆపద వస్తే 181కి ఫోను చేయవచ్చు. 2005 గృహహింస చట్టం కింద అడిగినప్పుడు వైద్యం చేయవలసిన బాధ్యత ఆస్పత్రికి ఉంది.

ఆ అమ్మగారికి ఇదంతా రెండు విడతలుగా చెప్పాం. పక్కింటి ఆవిడ ఫోను నుండే చేయమని, సొంత ఫోనులో ఆ నంబరు దాచుకోవద్దని అమ్మాయికి చెప్పమన్నాం. వెంటనే ప్రాణభయం ఉంటే అక్కడ 911 అని కూడా చెప్పాం.

పోయిన వారం ఆమె మళ్ళీ వచ్చారు. బి.పి. 150/90. అమ్మాయి ఫోను చేసిందట. అక్కడ ఎవరు మాట్లాడారు, ఏమన్నారు, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నది అని అడిగితే, "తరువాత చెబుతా అమ్మా" అన్నదట.

"నాకు కూడా చెప్పలేదు సిస్టరు గారూ" అన్నారు, కొంచెం నొచ్చుకున్నట్టుగానే. డాక్టరు గారు మాత్రలు అవే కొనసాగించమని రాశారు.