నొప్పి ఎక్కడ? శరీర నిర్మాణ శాస్త్రం నేర్పే తొలి పదాలు

కడోదరా (సూరత్): గుజరాత్‌లోని సూరత్ జిల్లా పల్సానా తాలూకాలో, ముంబయి జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న కడోదరా వస్త్ర పరిశ్రమకు నెలవు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు సూరత్ ప్రాంతంలో దశాబ్దాలుగా జీవిస్తున్నాయి. ఇంట్లో తెలుగు, మగ్గం వద్ద హిందీ, బజారులో గుజరాతీ వినిపిస్తాయి. వైద్య నివేదిక మాత్రం ఆంగ్లంలో ఉంటుంది. నొప్పి ఎక్కడుందో సరిగా చెప్పగలగడం చికిత్సలో తొలి మెట్టు కనుక, శరీర నిర్మాణ శాస్త్రంలోని మూల పదాలు తెలిసి ఉండటం మేలు.

కుడి, ఎడమ ఎవరివి?

దేహ వర్ణనకు ఒక ప్రామాణిక భంగిమ ఉంది. మనిషి నిటారుగా నిలబడి, ముఖాన్ని, అరచేతులను ముందుకు ఉంచినట్లు భావించాలి. కుడి, ఎడమలు ఎల్లప్పుడూ రోగివే గాని, చూసేవారివి కావు. అందుకే ఛాతీ ఎక్స్‌రేలో గుండె కొన మనకు కుడివైపున కనిపిస్తుంది.

నివేదికల్లో ‘యాంటీరియర్’ అంటే ముందువైపు, ‘పోస్టీరియర్’ అంటే వెనుకవైపు. దేహ మధ్యరేఖకు దగ్గరగా ఉన్నది ‘మీడియల్’, దూరంగా ఉన్నది ‘లేటరల్’. కాళ్లు, చేతుల విషయంలో మొండేనికి దగ్గరి భాగం ‘ప్రాక్సిమల్’, దూరపు భాగం ‘డిస్టల్’. ‘బైలేటరల్’ అంటే రెండు వైపులా అని అర్థం.

వెన్నెముక లెక్క

పెద్దవారి శరీరంలో సాధారణంగా 206 ఎముకలుంటాయి. వెన్నెముకలోని పూసలను కశేరుకాలంటారు. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5 ఉంటాయి. వాటి కింద త్రికం, అనుత్రికం ఉంటాయి. నివేదికలో ‘ఎల్4–ఎల్5’ అని ఉంటే అది నడుములోని నాలుగు, అయిదు పూసల మధ్య స్థానం. అక్కడి మెత్తని డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కితే నొప్పి కాలిలోకి దిగుతుంది. బాధ కాలిలో తెలిసినా మూలం నడుములో ఉంటుంది.

చెవి, ఊపిరి

శబ్దం కర్ణభేరిని కదిలించగా, మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవిలోని కర్ణావర్తానికి చేరుస్తాయి. అక్కడి సూక్ష్మ రోమకణాలు దానిని నాడీ సంకేతంగా మారుస్తాయి. మగ్గాల హోరు ఏళ్ల తరబడి వింటే దెబ్బతినేవి ఈ కణాలే. మనిషిలో అవి మళ్లీ పుట్టవు. కనుక చెవి రక్షణ సాధనాలను వినికిడి తగ్గకముందే వాడాలి.

ఊపిరితిత్తులు అన్న మాటలోని ‘తిత్తి’ కొలిమి తిత్తిని తలపిస్తుంది. కుడి ఊపిరితిత్తికి మూడు, ఎడమదానికి రెండు తమ్మెలుంటాయి. శ్వాసనాళాలు చీలుతూ పోయి వాయుగోణులుగా ముగుస్తాయి. రక్తంలోకి ప్రాణవాయువు చేరేది అక్కడే.

ఒకే మాట, పలు అవయవాలు

వాడుకలో ‘కడుపు’ అంటే జీర్ణాశయమూ కావచ్చు, పొట్ట మొత్తమూ కావచ్చు. వైద్యులు పొట్టను నాలుగు భాగాలుగా చూస్తారు. కుడి పైభాగంలో కాలేయం, పిత్తాశయం ఉంటాయి. ఉండుకము సాధారణంగా కుడి కింది భాగంలో ఉంటుంది. ‘కడుపునొప్పి’ అని ఊరుకోకుండా ఏ భాగమో చెబితే వైద్యుని అన్వేషణ సులువవుతుంది.

‘గుండెల్లో మంట’ మరింత చిక్కైన మాట. జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల వచ్చే బాధకు గుండెతో సంబంధం లేదు. అయితే ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు కనిపిస్తే అది గుండెపోటు కావచ్చు. అప్పుడు సందేహించక 108కి ఫోన్ చేయాలి. ఈ అత్యవసర సేవ గుజరాత్‌లోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది.

పరభాషలో పదం తోచనప్పుడు నొప్పి ఉన్న చోటును ఒక్క వేలితో చూపడం, అది ఎటు పాకుతోందో, ఎప్పటి నుంచి ఉందో చెప్పడం వైద్యునికి ఎంతో ఉపకరిస్తాయి.