టేపులో గరగర: దోషం ఎక్కడ?

మన ఇళ్లలో అటక మీదో, పాత ట్రంకు పెట్టెలోనో నాలుగైదు క్యాసెట్లు ఇంకా పడి ఉంటాయి. పైన అంటించిన కాగితం మీద పేరు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో రాసి ఉంటుంది. లోపల పలికేది మాత్రం తెలుగు. పెళ్లిలో ఆడవాళ్లు పాడిన పాటలు, తాత చెప్పిన కథ, పసివాడి ముద్దుమాటలు. తీసి వేస్తే గరగరమని ఒకటే సద్దు. "పాడైపోయింది, పారేయండి" అంటారు ఇంట్లోవాళ్లు. అలా పారేసే ముందు చూడవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఈ పూట వాటిని గురించి చెప్పుకుందాం.

మాది బళ్లారి వైపు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. 1996లో మా మామ ఒక టేప్ రికార్డరు తెచ్చి మా అవ్వ చేత విసుర్రాతి పాటలు పాడించాడు. అవ్వ ఇప్పుడు లేదు. ఆ పాటల్లోని మాటలు కొన్ని మా పిల్లలకే కాదు, నాకూ కొత్తే. ఆ మధ్య ఒక సెలవు రోజున ఆ క్యాసెట్ వేస్తే అవ్వ గొంతు కన్నా గరగరే ఎక్కువ వినిపించింది. ఇక పోయిందనుకుని, రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన అడిగిన మొదటి మాట: "ఇంకో క్యాసెట్ వేసి చూస్తిరా సార్?" నేను చూడలేదు.

అసలు కిటుకు అంతా అక్కడే ఉంది. గరగర నాలుగు చోట్ల పుట్టవచ్చు: వినిపించే యంత్రంలో, టేపులో, రికార్డు చేసిన నాటి పొరపాటులో, లేదా ఇప్పుడు మనం కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు. ఎక్కడ పుట్టిందో తెలియకుండా మందు వేయకూడదు.

దానికి మూడు చిన్న పరీక్షలు చాలు. మొదటిది, పోయినా ఫరవాలేదనుకునే వేరే క్యాసెట్ ఒకటి వేయండి. అదీ గరగరమంటే దోషం యంత్రానిది. రెండోది, మీ క్యాసెట్‌నే వెనక్కి తిప్పి ఒకే పాటను రెండుసార్లు వినండి. రెండుసార్లూ అదే మాట దగ్గర గరగర వస్తే అది టేపులోనే ఉంది. ఒకసారి ఒక చోట, మరోసారి మరో చోట వస్తే యంత్రాన్నో తీగనో అనుమానించాలి. మూడోది, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. అందులో శుభ్రంగా వినిపిస్తే దోషం స్పీకరుది.

ఇక చికిత్స. వాల్యూం బిరడా తిప్పుతున్నప్పుడే చిటపటమంటే లోపల దుమ్ము చేరిందన్నమాట. కరెంటు తీసేసి, బిరడాను ఈ కొస నుంచి ఆ కొసకు ఓ ఇరవై సార్లు తిప్పండి. చాలాసార్లు అంతటితోనే సరిపోతుంది. తీగను కదిపినప్పుడు గరగర వస్తే తీగ మార్చండి.

టేపు రాసుకుంటూ పోయే లోహపు భాగాన్ని హెడ్ అంటారు. దాని మీద టేపు నుంచి రాలిన గోధుమరంగు పొడి పేరుకుంటే గొంతు మందగిస్తుంది, మధ్యమధ్య తెగుతుంది. చీపురుపుల్లకు దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కొద్దిగా తడిపి, మెల్లగా తుడవండి. పక్కనే ఉండే రబ్బరు చక్రానికి నీళ్లతో తడిపి పిండిన గుడ్డ చాలు. పూర్తిగా ఆరాకనే క్యాసెట్ వేయాలి. చేతులకు రాసుకునే శానిటైజరు మాత్రం వాడకండి. వాటిలో గ్లిజరిన్ వంటి జిడ్డు పదార్థాలు కలుస్తాయి.

టేపు విషయానికి వస్తే, కిటికీలోంచి చుట్టను చూడండి. అంచుల మీద తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్ వేయకూడదు. వేస్తే బూజు యంత్రానికి, అక్కడినుంచి మిగతా క్యాసెట్లకు అంటుకుంటుంది. దాన్ని తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి. బూజు లేకపోతే ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటిదాకా వెనక్కి తిప్పి, అప్పుడు వినండి. చుట్ట సమంగా సర్దుకుంటుంది. అన్నిటికన్నా ముందు, క్యాసెట్ వీపున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచేయండి. పొరపాటున ఎర్ర బొత్తాం నొక్కినా పాత గొంతు చెరిగిపోదు.

మూడో చోటు కొంచెం కష్టమైనది. రికార్డు చేసిన రోజే గొంతు మరీ గట్టిగా పడితే శబ్దం చిరుగుతుంది. శేరు నిండాక పోసిన గింజలు కిందికి జారిపోతాయి కదా, తర్వాత శేరును ఎంత కదిపినా అవి తిరిగి రావు. అలాగే ఇప్పుడు వాల్యూం తగ్గిస్తే చిరిగిన గొంతు మెల్లగా వినిపిస్తుందే తప్ప అతుక్కోదు.

నాలుగో చోట నేనే తప్పు చేశాను. టేప్ రికార్డరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ తెచ్చి కంప్యూటరు మైకు రంధ్రంలో పెట్టాను. మైకు నుంచి వచ్చేది వోల్టులో వేయోవంతుల లెక్క. ఇయర్‌ఫోన్ నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు. బాగున్న పాట కూడా నకలులో చిరిగిపోయింది. తీగను లైన్ ఇన్ అనే రంధ్రంలోనే పెట్టాలి. అది లేకపోతే యూఎస్‌బీ ద్వారా కలిపే చిన్న పరికరాలు దొరుకుతాయి. ఎంత గట్టిగా పాడిన చోటైనా సూచిక మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. టేపు ఇయర్‌ఫోన్‌లో శుభ్రంగా ఉండి నకలులోనే టిక్కుటిక్కుమంటే, కంప్యూటరులో తెరిచి ఉన్న మిగతా పనులన్నీ మూసి మళ్లీ ఎక్కించండి.

దాచుకోవడానికి వేవ్ రకం ఫైలు మంచిది. సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్ల లెక్కన ఒకే చానెల్‌లో గంటసేపటికి సుమారు 318 మెగాబైట్లు పడుతుంది. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో చిటపటలు తగ్గించవచ్చు. కానీ ఆ పని నకలు మీదే చేయండి. మరీ ఎక్కువ తుడిస్తే ట, చ, ప వంటి అక్షరాల పదును కూడా పోతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా ఉన్నవారు అదృష్టవంతులు. ఈ ఆదివారమే ఫోను ముందు కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫోను నోటికి మూరెడు దూరంలో, కాస్త పక్కగా పెట్టండి. ప, భ అన్నప్పుడు వచ్చే గాలి తగలదు. ఫ్యాను ఆపండి.

మా క్యాసెట్ సంగతి చెప్పి ముగిస్తాను. హెడ్ తుడిచాక మొదటి వైపంతా శుభ్రంగా వచ్చింది. చివరి పాట మాత్రం చిరిగే ఉంది. మా మామ మైకును అవ్వ నోటి దగ్గర పెట్టాడు. దాన్ని అలాగే ఉంచాను. కానీ ఇన్నాళ్లూ గరగర కింద మునిగిపోయిన మాట ఒకటి బయటపడింది. రెండు పాటల మధ్య అవ్వ ఎవరినో కేకేస్తోంది: "కోడి లోపలికొచ్చె, తోలవే పిల్లా!" అది మా అమ్మను. ఆ మాట విని మా అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మళ్లీ వెయ్యి" అంది.

అందుకే పారేసే ముందు ఇంకో క్యాసెట్ వేసి చూడండి.